బానెట్ కింద చరిత్ర: ఒక అంబాసిడర్ ఇంజన్ కథ

అంబాసిడర్ కారు గురించి మనవాళ్ళలో రెండు వర్గాలున్నాయి. మొదటి వర్గానికి అది బంగారం. "ఆ రోజుల్లో బళ్ళు ఇనుముతో చేసేవాళ్ళండీ, ఇప్పుడన్నీ రేకు డబ్బాలు" అంటారు. రెండో వర్గానికి అది లైసెన్స్ రాజ్ పరువు తీసిన సాక్ష్యం. ప్రపంచమంతా ముందుకు పోతుంటే ముప్ఫై ఏళ్ళు ఒకే ఇంజన్‌తో, ఒకే ఆకారంతో కదలకుండా కూర్చున్న కారు అంటారు. మా ఆఫీసు క్యాంటీన్లో ఈ విషయం మీద వాదన మొదలైతే టీ చల్లారిపోవాల్సిందే.

నాకు మాత్రం ఈ రెండు వాదాలూ కారుని బయట నుంచి చూసి చెప్పేవే అనిపిస్తాయి. మా పెదనాన్నగారి 1972 మోడల్ మార్క్ 2 అంబాసిడర్‌ని ఇంటి దగ్గరే బాగుచేసే పనిలో ఏడాదిన్నరగా నా శని ఆదివారాలు దాని బానెట్ కింద గడుస్తున్నాయి. ఇంజన్ బయటికి తీసి, విప్పి, మళ్ళీ బిగించి, అది కూర్చునే చోటంతా తుప్పు గీకి రంగు వేసే పని. ఈ పనిలో నాకు అర్థమైంది ఏంటంటే, అది ఇంజన్ మాత్రమే కాదు, ఒక చరిత్ర పుస్తకం. పేజీలకి కాస్త గ్రీజు ఎక్కువ, అంతే. ఆ పుస్తకం పైన చెప్పిన రెండు వర్గాల్లో ఎవరి వైపూ పూర్తిగా మాట్లాడదు.

ఇంతకీ ఆ ఇంజన్ ఎవరిది?

హిందుస్థాన్ మోటార్స్‌ని బిర్లాలు 1942లో పెట్టారు. మొదట గుజరాత్‌లోని ఓఖా రేవులో, 1948 నుంచి బెంగాల్‌లోని ఉత్తరపారాలో. మొదటి కారు హిందుస్థాన్ 10, ఇంగ్లండు మోరిస్ 10కి మన పేరు. 1954లో వచ్చిన ల్యాండ్‌మాస్టర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 2. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 మన దగ్గరికొచ్చి 1957లో అంబాసిడర్ అయింది. ఇక్కడిదాకా చాలామందికి తెలిసిన కథే.

తెలియనిది దాని లోపలి కథ. తొలి అంబాసిడర్లలో ఉన్నది మోరిస్ వారి 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్. వాల్వులు సిలిండర్ పక్కన నిలబడి ఉండే పాత పద్ధతి. 1959లో దాని స్థానంలో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ వచ్చింది, 55 హార్స్‌పవర్. మనందరం "అంబాసిడర్ ఇంజన్" అనుకునేది ఇదే. తమాషా ఏంటంటే ఇది మోరిస్ వాళ్ళది కాదు, వాళ్ళ బద్ధశత్రువు ఆస్టిన్ వాళ్ళది!

1952లో ఆ రెండు కంపెనీలూ కలిసిపోయి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) అయ్యాయి. రెండు కంపెనీలు కలిస్తే ఏమవుతుందో మనకి తెలిసిందే. రెండు పేరోల్ సిస్టమ్‌లు, రెండు డేటాబేస్‌లు, ఎవరిది ఉంచాలి ఎవరిది పీకెయ్యాలి అని ఆర్నెల్ల మీటింగులు. అక్కడ ఇంజన్ల విషయంలో ఆస్టిన్ గెలిచింది. 1947లో ఆస్టిన్ ఏ40 కోసం 1200 సీసీతో మొదలైన ఇంజనే తర్వాత పెరిగి, "బి సిరీస్" అన్న పేరుతో మోరిస్ కార్లలోకీ దూరింది. అంటే మన అంబాసిడర్‌ది మోరిస్ ఒళ్ళు, ఆస్టిన్ గుండె.

ఇదే కుటుంబం ఇంజన్ ఎంజీఏ, ఎంజీబీ అనే స్పోర్ట్స్ కార్లలో కూడా ఉంది. తొలి ఎంజీఏలో ఉన్నది సరిగ్గా ఇదే 1489 సీసీ. ఇంగ్లండులో కుర్రాళ్ళు టాపు లేని కార్లలో వేసుకు తిరిగిన ఇంజనే మన దగ్గర కలెక్టరు గారిని జమాబందీకి తీసుకెళ్ళింది :-)

ఇంటి దగ్గర ఎందుకు సాధ్యం?

ఈ కాలపు కారు బానెట్ ఎత్తితే కనపడేది నల్లటి ప్లాస్టిక్ మూత. అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజన్ పక్కనుంచి కింద నేల కనపడుతుంది. చెయ్యి పట్టడం కాదు, భుజం దాకా పడుతుంది. కార్బొరేటర్, గాలి లోపలికి వెళ్ళే గొట్టాలు, పొగ బయటికి పోయే గొట్టాలు అన్నీ ఒక పక్కే ఉంటాయి. ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్, డైనమో, సెల్ఫ్ మోటారు, అంటే కరెంటు వ్యవహారమంతా రెండో పక్క. మన భాషలో చెప్పాలంటే మాడ్యూళ్ళు చక్కగా విడగొట్టి ఉన్నాయి. ఒకదాన్ని ముట్టుకుంటే ఇంకోటి పాడవదు. సెల్ఫ్ పనిచెయ్యకపోతే హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసుకోవచ్చు, బ్యాకప్ అన్నమాట.

బ్లాకు, హెడ్ రెండూ పోత ఇనుము. సిలిండర్ బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. అంటే వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. అందుకే అది పరుగెత్తదు గానీ లాగుతుంది. ఇంజన్ దించడానికి మా కొట్టం దూలానికి అద్దెకి తెచ్చిన చైన్ పుల్లీ కట్టాం. దానికి ముందు ఒక ఇంజనీరు గారికి చూపించి, దూలం కింద రెండు వైపులా ఇనప స్తంభాలు పెట్టించాం. ఇనుముతో పరాచికాలు పనికిరావు. వేలాడే ఇంజన్ కింద మనిషి ఉండకూడదన్నది మొదటి నియమం.

విప్పే క్రమం ఎవరైనా చేయగలిగేదే. ముందు బ్యాటరీ తీసెయ్యడం. నీళ్ళు, ఆయిలు దించడం. బానెట్, రేడియేటర్ తియ్యడం. తర్వాత ఒక పక్క కార్బొరేటరూ మానిఫోల్డులూ, రెండో పక్క డైనమో, సెల్ఫ్. ప్రతి వైరుకీ ఒక చీటీ, ప్రతి బోల్టుల జతకీ ఒక సంచి, ప్రతి మెట్టులో ఫోటో. మనకి వెర్షన్ కంట్రోల్ అలవాటే కాబట్టి ఇది సులువు. అసలు కష్టం పానాల దగ్గర మొదలవుతుంది.

పానాల కథ

ఇంట్లో ఉన్న పానాల సెట్టు తీసుకుని వెళ్ళారనుకోండి, ఒక్కటీ సరిగ్గా కూర్చోదు. మన దగ్గరున్నవి 10, 12, 13 మిల్లీమీటర్లవి. అంబాసిడర్ ఇంజన్ బోల్టులు అంగుళాలవి: 7/16, 1/2, 9/16. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా పట్టినట్టే పడుతుంది, బలంగా తిప్పితే జారి, బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది. యాభై ఏళ్ళ తుప్పులో బిగుసుకున్న బోల్టు తల అరిగితే దాన్ని ఊడదీయడానికి ఒక ఆదివారం హారతి.

మరలు కూడా అంతే. 5/16 అంగుళం బోల్టు దాదాపు 7.94 మిల్లీమీటర్లు, మన 8 ఎంఎం బోల్టుకి కవల పిల్లలా ఉంటుంది. కానీ ఆ మర అంగుళానికి 24 చుట్లు, 8 ఎంఎంది ఇరవై చిల్లర. బలవంతంగా ఎక్కించారో, మర మొత్తం పాడవుతుంది.

ఈ అంగుళాల మరల వెనక ఒక యుద్ధం ఉంది. బ్రిటన్‌లో 1841 నుంచీ జోసెఫ్ విట్‌వర్త్ పెట్టిన ప్రమాణం, మర కోణం 55 డిగ్రీలు. అమెరికాలో 1864లో విలియం సెల్లర్స్ ప్రతిపాదించింది 60 డిగ్రీలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ రెండు దేశాలూ ఒకే పక్షాన పోరాడాయి గానీ ఒకరి బోల్టు ఇంకొకరి నట్టుకి ఎక్కలేదు. రోల్స్ రాయిస్ వారి మెర్లిన్ విమాన ఇంజన్‌ని అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ తయారుచేసినప్పుడు, బ్రిటిష్ మరలు కోసే సరంజామా మొత్తం వాళ్ళే తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఆ నొప్పి గుర్తుండి, 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒకే ప్రమాణానికి ఒప్పుకున్నాయి. దాని పేరు యూనిఫైడ్ థ్రెడ్, కోణం 60 డిగ్రీలు. బి సిరీస్ ఇంజన్‌లో ఎక్కువగా కనపడే సన్న మర అదే.

ఇప్పుడు మన వైపు చూడండి. మనం 1956లో మెట్రిక్ కొలతల చట్టం చేసుకున్నాం. 1957 ఏప్రిల్ 1న నయాపైసా వచ్చింది. అణాలు పోయాయి, తర్వాత వీశలూ మణుగులూ పోయాయి. సరిగ్గా ఆ ఏడాదే అంబాసిడర్ వచ్చింది, నిలువెల్లా అంగుళాలతో! దేశం మొత్తం దశాంశాల్లోకి మారిపోతుంటే, ఆ దేశపు అధికార వాహనం మాత్రం 1948 నాటి ఆంగ్లో అమెరికన్ ఒప్పందాన్ని మోసుకు తిరిగింది. స్టాండర్డు ఒకసారి యంత్రంలోకి ఎక్కితే దిగదు. మనలో పాత సిస్టమ్‌ల తేదీ ఫార్మాట్లతో తంటాలు పడ్డవాళ్ళకి ఇది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

పిస్టన్ మీద రాసిన చరిత్ర

హెడ్ దించి పిస్టన్ల మీద మసి గోకగానే 040 అని అంకె బయటపడింది. నా పక్కనున్న మెకానిక్ భాయ్‌కి డెబ్బై ఏళ్ళు. వయసు మళ్ళాక షెడ్డు కొడుక్కి అప్పచెప్పి ఇలాంటి పనులకి మాత్రం వస్తున్నారు. ఆయన ఆ అంకె చూసి, "ఫార్టీ అయిపోయింది బాబూ, ఇంక బోరు లేదు. స్లీవులే" అన్నారు.

దీని అర్థం ఇది. తిరిగిన కొద్దీ సిలిండరు లోపలి గోడ అరుగుతుంది. అది కూడా సమానంగా అరగదు. పైన ఎక్కువ, కింద తక్కువ, గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం వస్తుంది. అప్పుడు లేత్ షాపులో ఆ గోడని కొద్దిగా చెక్కి, మళ్ళీ గుండ్రం చేసి, కాస్త పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. అంగుళంలో వెయ్యో వంతు లెక్కన ఇరవై, నలభై అంటూ సైజులు పెరుగుతూ పోతాయి. క్రాంక్ షాఫ్ట్ దగ్గర దీనికి తిరగలి లెక్క. షాఫ్టుని సన్నగా గ్రైండ్ చేసి మందం ఎక్కువున్న బేరింగ్ షెల్స్ వేస్తారు. టెన్, ట్వంటీ, థర్టీ, ఫార్టీ.

అంటే ఈ ఇంజన్ని నాకంటే ముందే తెరిచినవాళ్ళున్నారు. ఎవరో తెలీదు, బిల్లులు లేవు, కానీ వాళ్ళు చేసిన పని కొలతల్లో ఉంది. క్రాంక్ కొలిస్తే ట్వంటీ మీద ఉంది. బ్లాకు అంచున ఎవరో ఉలితో కొట్టిన చిన్న గుర్తులు, ఏ బేరింగ్ క్యాప్ ఎక్కడిదో తెలియడానికి. నేను రాసిన కోడ్‌లో కామెంట్లు ఇంత స్పష్టంగా ఉండవు.

కొలత, బోరింగ్, స్లీవులు, గ్రైండింగ్ లేత్ షాపు పని. అది ఇంట్లో అయ్యేది కాదు. విప్పడం, కడగడం, కొత్త రింగులు, షెల్స్, టైమింగ్ చైన్, ఆయిల్ సీళ్ళు వేసి కూర్చడం మన పని. ఒక హెచ్చరిక: పాత హెడ్ ప్యాకింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని పొడిగా గోకకూడదు, గాలి కొట్టకూడదు. తడిపి, మాస్కు పెట్టుకుని, సంచిలో కట్టి పారెయ్యాలి. పాతకాలం షెడ్లలో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. "మాకెవరు చెప్పారు?" అన్నారు భాయ్, అంతే.

రేకు గోడల మధ్య ఒక పారిశ్రామిక విధానం

ఇంజన్ బయటికి వచ్చాక మిగిలింది ఖాళీ ఇంజన్ బే. మా బండికి బ్యాటరీ కూర్చునే తొట్టి యాసిడ్ తిని జల్లెడైపోయింది. దాన్ని కోసి కొత్త రేకు వెల్డింగు చేయించాం. మిగతాదంతా వైరు బ్రష్షు, ఎమరీ పేపరు, ప్రైమరు, రంగు. చదవడానికి ఒక్క వాక్యం, చెయ్యడానికి నాలుగు వారాలు.

ఆ నాలుగు వారాల్లో ఒక్కో భాగం తుడుస్తుంటే పేర్లు బయటపడ్డాయి. డిస్ట్రిబ్యూటర్, డైనమో మీద లూకాస్-టీవీఎస్, ప్లగ్గుల మీద మైకో. పిస్టన్ల సంగతి అడిగితే భాయ్ నోట వచ్చిన మొదటి పేరు ఇండియా పిస్టన్స్. ఇవేవీ యాదృచ్ఛికం కాదు. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల మీద ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది: విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముకోవడం కుదరదు, క్రమంగా ఇక్కడే తయారుచేసే ప్రణాళిక ఉన్నవాళ్ళే ఉండాలి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ సర్దుకుని వెళ్ళిపోయాయి. ఉన్న కొద్ది కంపెనీలూ ఇక్కడే భాగాలు కొనాల్సి వచ్చింది. మద్రాసులో ఇండియా పిస్టన్స్ 1949లో, బెంగళూరులో బాష్ భాగస్వామ్యంతో మైకో 1951లో, మద్రాసులోనే లూకాస్-టీవీఎస్ 1961లో మొదలయ్యాయి. ఆ గిరాకీలో అవి నిలదొక్కుకున్నాయి. మైకో 2008 నుంచి బాష్ లిమిటెడ్.

లైసెన్స్ రాజ్‌ని తిట్టేవాళ్ళు, అందులో నేనూ ఒకణ్ణి, ఒప్పుకోవాల్సిన విషయం ఇది. కారు మారలేదు, నిజమే. కానీ కారు చుట్టూ ఉన్న పరిశ్రమ పుట్టింది ఆ కంచె లోపలే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు, ఆ తర్వాత 1990ల్లో విదేశీ కంపెనీలు వరసగా దిగినప్పుడు, ఇక్కడ పిస్టన్ పోతపోయడం, వైండింగు చుట్టడం తెలిసిన చేతులు సిద్ధంగా ఉన్నాయంటే దానికి ఈ బానెట్ కిందే పునాది పడింది. అన్నట్టు మా బండికి ఇప్పుడు పెట్టిన బ్యాటరీ తిరుపతి అమరరాజా వాళ్ళది. వాళ్ళు 1985లో మొదలయ్యారు. ఆ పుస్తకంలో ఇది మన తెలుగు పేజీ.

వైరింగ్ సంగతి కూడా చెప్పాలి. పాత వైర్లు ఎండి పెళుసైపోయాయి, మొత్తం కొత్తగా లాగాం. లూకాస్ రంగుల పద్ధతి తెలిస్తే ఇది భయపడేంత పని కాదు. గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా, ఎప్పుడూ కరెంటుంటుంది. తెలుపు తాళం తిప్పాకే. ఆకుపచ్చ తాళం తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది. నీలం హెడ్‌లైట్లు, ఎరుపు చిన్న లైట్లు, నలుపు ఎర్త్. ఏడు దశాబ్దాల తర్వాత కూడా కొత్తవాడు చదివితే అర్థమయ్యే నామకరణం. మన ప్రాజెక్టుల్లో టెంప్1, టెంప్2, ఫైనల్_న్యూ అని పేర్లు పెట్టేవాళ్ళని ఒకసారి దీని ముందు నిలబెట్టాలి. కనెక్షన్ ఇచ్చే ముందు ఒకటి చూసుకోండి: పాత బ్రిటిష్ కార్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది. మీ బండి ఏ పద్ధతో తేల్చుకోకుండా డైనమో తీసి ఆల్టర్నేటర్ పెడితే డయోడ్లు కాలిపోతాయి.

పెట్రోలు మారింది

ఈ ఇంజన్ డిజైన్ చేసినప్పటి పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు. ఇంజన్ కొట్టుకోకుండా ఉండటానికి కలిపిన ఆ సీసం ఇంకో పని కూడా చేసేది: ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోట పల్చటి పొరలా పేరుకుని, వాల్వుకీ పోత ఇనుముకీ మధ్య మెత్తలా ఉండేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పెట్రోలు పూర్తిగా ఆగిపోయింది. పిల్లల మెదళ్ళకి అది విషం కాబట్టి చాలా మంచి పని. కానీ పాత హెడ్లకి ఆ మెత్త పోయింది. వాల్వు తన సీటుని కొద్దికొద్దిగా కొట్టుకుంటూ లోపలికి దిగిపోతుంది. టాపెట్ గ్యాపు మూసుకుపోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. మందు ఏంటంటే లేత్ షాపులో హెడ్ చెక్కించి, గట్టి ఉక్కు సీట్లు వేయించడం. మాది వేయించాం.

ఇప్పుడు రెండో మార్పు ఇథనాల్. 2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రం, కార్కు ప్యాకింగులు దానికోసం చేసినవి కావు, మెత్తబడి పాడవుతాయి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి బండి కదలకుండా ఉంటే ట్యాంకులో తుప్పు. అందుకని గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేసుకోవాలి, బండిని ఖాళీగా ఉంచేటప్పుడు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసుకోవాలి. "పాతది పాతగానే ఉంచాలి" అనేవాళ్ళకి ఇదే నా జవాబు. చుట్టూ ఉన్న లోకం మారితే, ఉన్నది ఉన్నట్టు ఉంచడానికి కూడా కొంత మార్చాలి.

అసలు ప్రశ్న: ఎందుకు మారలేదు?

ఇక క్యాంటీన్ వాదనకి వద్దాం. బ్రిటన్‌లో ఇదే బి సిరీస్ ఏమైందో చూడండి. 1489 సీసీ, 1959లో 1588 అయింది. 1961లో 1622 అయింది. 1962లో ఎంజీబీ కోసం 1798 అయింది. క్రాంక్‌కి మూడు మెయిన్ బేరింగులు చాలవని 1964లో ఎంజీబీకి అయిదు పెట్టారు. అదే కుటుంబం, అవే ప్రాథమిక డ్రాయింగులు. మన దగ్గర 1959లో వచ్చిన 1489, 1990ల్లో ఇసుజు ఇంజన్ వచ్చేదాకా పెట్రోలు అంబాసిడర్‌కి గుండెగా ఉండిపోయింది. మధ్యలో 1980 ప్రాంతంలో డీజిలు వచ్చింది, అదీ బీఎంసీ 1489 సీసీయే.

దీనికి మనవాళ్ళు చెప్పే మామూలు కారణం "మనకి ఇంజనీరింగ్ రాదు". ఇంజన్ విప్పాక నేను దీన్ని నమ్మడం మానేశాను. మా బండి డైనమో పట్టీ ఫ్యాక్టరీది కాదు. మందపాటి ఉక్కు పట్టీని వంచి, బోల్టు పట్టే చోట ఒక వాషరు వెల్డు చేసి ఉంది. యాక్సిలరేటర్ లింకులో ఇత్తడి బుష్షు లేత్ మీద తయారైంది. భాయ్‌ని అడిగితే, "మా రోడ్లకి ఇట్టా వేస్తే ఆగుద్ది. నేనే వందల బళ్ళకి వేసుంటా. మా ఉస్తాద్ నేర్పింది" అన్నారు.

"మరి కంపెనీ వాళ్ళకి చెప్పారా భాయ్?" అన్నాను.

ఆయన నవ్వారు. "మమ్మల్ని అడిగిందెవరు బాబూ?"

నా మటుకు నాకు మొత్తం లైసెన్స్ రాజ్ చరిత్ర ఆ ఒక్క మాటలో ఉందనిపించింది. విజయవాడ ఆటోనగర్ నుంచి సికిందరాబాదు రాణీగంజ్ దాకా, దేశంలో ప్రతి ఊరి షెడ్డులో ఈ ఇంజన్ గురించి తెలిసినంత బహుశా ఇంకెక్కడా తెలిసి ఉండదు. ఏ భాగం ఎప్పుడు అరుగుతుందో, ఏది ఎలా మారిస్తే ఆగుతుందో వాళ్ళ చేతులకి తెలుసు. కానీ ఆ తెలివి షెడ్డు దాటి డ్రాయింగ్ బోర్డు దాకా వెళ్ళే దారి లేదు. కారు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసే జనం ఉన్నప్పుడు, చేసినదంతా అమ్ముడుపోతున్నప్పుడు, ఏ కంపెనీకి ఆ దారి వెయ్యాల్సిన అవసరం? తెలివి లేక కాదు, అడిగేవాడు లేక ఆగిపోయింది. అడిగేవాడు 1983లో వచ్చాడు. అప్పటికి ఆలస్యమైంది. 1980ల నడుమ ఏటా ఇరవై వేలకి పైగా అమ్ముడైన కారు 2013-14లో రెండు వేల పైచిలుకుకి పడిపోయింది. 2014 మేలో ఉత్తరపారాలో పని ఆగింది. 2017లో ఆ పేరుని 80 కోట్లకి పెజో కొనుక్కుంది.

ఇది చదివి "పాపం కార్ల కంపెనీ" అనుకుని మనం పక్కకి తప్పుకోవడానికి లేదు. మన వృత్తి ఎక్కడ మొదలైందో గుర్తుచేసుకోండి. 1998, 99ల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని, వేరే దేశంవాళ్ళు ఎప్పుడో రాసిన ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడంతో మనలో చాలామంది ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. ఇప్పటికీ మనలో ఎంతోమందిది మెయింటెనెన్స్, సపోర్టు పనే. అర్ధరాత్రి టికెట్ వస్తే లేచి, ఎవరో రాసిన కోడ్‌లో ఎక్కడ చిరుగు పడుతుందో వెతికి మందపాటి పట్టీ వేసి పడుకుంటాం. ఆ సిస్టమ్ ఎక్కడ అరుగుతుందో దాన్ని డిజైన్ చేసినవాడికంటే మనకే బాగా తెలుసు. ఆ తెలిసింది డిజైన్ దాకా వెళ్తోందా? మనల్ని ఎవరైనా అడుగుతున్నారా? అడక్కపోతే మనమే చెబుతున్నామా?

మరమ్మతు తక్కువ పని అని నేననను. విప్పి చూసినవాడికి తెలిసేది వేసినవాడికి తెలియదు. కానీ మరమ్మతు చేసేవాడు నోరు విప్పకపోతే, విన్నవాడు గీత మార్చకపోతే, ఎంత గొప్ప నైపుణ్యమైనా యాభై ఏళ్ళు ఒకే పట్టీని వెల్డు చేస్తూ గడిచిపోతుంది. మొదటి వర్గంవాళ్ళు చూడనిది ఇది. అంబాసిడర్ గట్టిదనంలో సగం భాయ్ లాంటివాళ్ళ చేతుల్లోది. రెండో వర్గంవాళ్ళు చూడనిదీ ఇదే. దేశం కదలకుండా కూర్చోలేదు. షెడ్డులో అది కదులుతూనే ఉంది.

చేద్దామనుకునేవాళ్ళకి

యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి కేంద్రం 2021లో ప్రత్యేక వింటేజ్ నిబంధనలు తెచ్చింది. నంబరు ప్లేటులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేల రూపాయల ఫీజు. రోజువారీ తిరగడానికీ, కిరాయికీ వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదన్నది ముఖ్యమైన షరతు. కాబట్టి ఇంజన్ నంబరు ఉన్న అసలు బ్లాకుని తుక్కుకి వెయ్యొద్దు. బోరు అయిపోతే స్లీవులున్నాయి.

అన్నిటికంటే ముఖ్యం, తొందరపడండి. భాగాలు దొరక్కపోవడం అంత పెద్ద సమస్య కాదు. ఎంజీ కార్ల పుణ్యమా అని ఈ కుటుంబం ఇంజన్ల భాగాలు కొన్ని ఇంగ్లండులో ఇంకా తయారవుతున్నాయి. దొరకనిది భాయ్ లాంటి మనిషి. టాపెట్లు సెట్ చేసేటప్పుడు ఆయన గేజ్ నాకిచ్చి, తను మాత్రం కళ్ళు మూసుకుని చప్పుడు విన్నారు. "మూడోది ఇంకొంచెం" అన్నారు. గేజ్ పెట్టి చూస్తే మూడోదే.

అది ఏ మాన్యువల్లోనూ లేదు. ఆయన చెప్పినవన్నీ, డైనమో పట్టీ కొలతలతో సహా, నేను రాసి పెడుతున్నాను. ఇప్పటికి 64 పేజీలయ్యాయి.